గోడకు కప్పిన కండువా

ఈ రాతలో రెండు రంగుల పేర్లు ఉండవు. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను. అవి ఏ రంగులో చెప్పేస్తే మా ఊరివాళ్లు మిగతాది చదవరు. నేను ఎటువైపో తేల్చుకుని పక్కన పెట్టేస్తారు. అందుకని ఒకదాన్ని మొదటి రంగు అంటాను, ఇంకోదాన్ని రెండో రంగు అంటాను. విడివిడిగా అవి వట్టి రంగులే. పక్కపక్కన పెడితే మాత్రం మా వైపు అవి ఒక పార్టీ జెండా.

మా ఊరు గురజాలకూ పిడుగురాళ్లకూ మధ్య ఉంటుంది. రోడ్డు వైపు నాన్న మర. అందులో ఒక మిషను పిండికి, ఒక మిషను కారానికి. మర వెనక ఇల్లు, ఇంటిని ఆనుకుని మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకునే గది. సివిల్ ఇంజినీరింగ్ చదివి, పిడుగురాళ్ల దగ్గర నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కొంతకాలం సూపర్‌వైజరుగా చేసి, అది మానేశాక ఆ గదిని నా పనికి తీసుకున్నాను. పగిలిన టైళ్ల ముక్కలతో, నాపరాయి చెక్కలతో గోడలకు బొమ్మలు చేస్తాను. మొజాయిక్ అంటే మా ఊళ్లో పాత ఇళ్లలో చుక్కలు చుక్కలుగా ఉండే గచ్చు అనుకుంటారు. అందుకని ముక్కల బొమ్మలు అనే చెబుతాను.

గదిలో దేని చోటు దానిదే. కిటికీ కింద బల్ల. బల్ల మీద టైలు కొరికే కటరు, చిన్న సుత్తి, స్పాంజి, సందుల్లో గమ్ము గీకడానికి పాత టూత్‌బ్రష్షు. గోడ వెంట ఖాళీ పెయింటు డబ్బాలు. వాటిలో ముక్కలు ముందు మందాన్ని బట్టి, తర్వాత గట్టిదనాన్ని బట్టి, ఆ తర్వాతే రంగును బట్టి వేరుచేసి ఉంటాయి. మందం తేడా వస్తే బొమ్మ ఎగుడుదిగుడై, తడిమినవాళ్ల చెయ్యి కోసుకుంటుంది. గోడ టైలు బాగా మెరుస్తుంది కానీ మా ఎండలకు పైపూత చిట్లుతుంది. నేలకు వేసే టైలు ఆగుతుంది. రంగు నాకు ఎప్పుడూ మూడో సంగతే. ఊళ్లో మిగతా అందరికీ అదే మొదటిదని నాకు తట్టలేదు.

గదిలో రెండో మూల అమ్మది. పూసలతో, ఉన్ని దారంతో గుమ్మాలకు తోరణాలు కుడుతుంది. నరసరావుపేట టైళ్ల షాపుల నుంచి నేను పగిలిన పెట్టెలు ఆటోలో వేసుకొచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేది.

"ఊళ్లో చెత్తంతా మనింటికే. ఇంజినీరు చదివి పెంకులు ఏరుకునేవాణ్ణి నిన్నే చూశాన్రా."

నాన్న అదీ అనేవాడు కాదు. గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయేవాడు. నేను ఉద్యోగం మానేసినప్పుడు ఎంత మాట్లాడాడో, ఈ పని గురించీ అంతే మాట్లాడాడు. అంటే ఏమీ మాట్లాడలేదు. అలాంటిది ఒకరోజు పొద్దున తనే గదిలోకి వచ్చి, ఒక ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తూ అన్నాడు:

"మర ముందు గోడకి కూడా ఒకటి చెయ్యరాదూ. జనం కూసున్నంతసేపు చూసేదానికి ఏదన్నా ఉంటది."

నేను చేసేది కూడా ఒక పనేనని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. అందుకే ఆ బొమ్మకు నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ పెట్టాను. మధ్యలో తిరగలి, చుట్టూ గింజలు ఏరుకునే పిట్టలు. తిరగలికీ పిట్టల కళ్లకూ నల్ల నాపరాయి. రెక్కలకు మొదటి రంగు, అంచుకు రెండో రంగు. ఎందుకంటే ఎండకు ఆగే టైళ్లలో ఒకే మందంతో, సరిపడా దొరికినవి ఆ రెండే. జాలీగుడ్డ మీద ముక్కలు అంటించి, భాగాలుగా గోడ దగ్గరికి మోసి, టైలు గమ్ముతో అతికి, సందులు నింపాను. నాన్న మర ఆపి మరీ పక్కన నిలబడి జాలీ పట్టుకున్నాడు. ఆ తర్వాత రోజూ మర తిప్పే ముందు తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి గోడ తుడిచేవాడు. గుడ్డలకు పక్కనే మేకు కొట్టుకున్నాడు.

మర గురించి ఇంకొంచెం చెప్పాలి. మా ఊళ్లో పై బజారు ఒక పార్టీ, కింద బజారు ఇంకో పార్టీ. టీ కొట్టు ఎవరిది వాళ్లదే, ఎరువుల కొట్టు ఎవరిది వాళ్లదే. పెళ్లి శుభలేఖలు కూడా బజారు చూసుకునే వెళ్తాయి. కారం మర మాత్రం ఒక్కటే. వేసవిలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి రెండు బజార్ల వాళ్లూ మా అరుగు మీదే డబ్బాలు వరసపెట్టి కూర్చోవాలి. ఎంత దులిపినా మిషనులో ముందువాళ్ల కారం కాస్త మిగులుతుంది, అది తర్వాతివాళ్ల డబ్బాలోకి పోతుంది. ఎవరైనా సణిగితే నాన్న, "మర కడుపు అట్టాంటిది. మీ కారం వాళ్ల పప్పులో, వాళ్ల కారం మీ పప్పులో. తిట్టుకునేది తిని తిట్టుకోండి," అనేవాడు. ఆయన ఎన్నడూ ఏ కండువా కప్పించుకోలేదు. ఎన్నికల్లో ఎవరో ఒకరు ఓడిపోయిన మర్నాడు కూడా ఇద్దరూ వచ్చి కూర్చునే చోటు అదొక్కటే. దాన్ని అలా నిలబెట్టడానికే ఆయన చాలా మాటలు మింగాడని నాకు తెలుసు.

బొమ్మ పెట్టిన కొత్తలో అందరూ బాగుందన్నారు. తర్వాత ఎన్నికల గాలి మొదలైంది. ఊళ్లోకి జెండాలు, కండువాలు, మైకుల ఆటోలు వచ్చాయి. కింద బజారు పెద్దాయన ఒకాయన నాన్నను బావా అని పిలుస్తాడు, నాకు మామయ్య వరస. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి స్నేహం. ఆయన ఒకరోజు మిరపకాయల డబ్బా దించి, గోడకేసి చూసి ఆగాడు.

"ఏంది బావా, గోడకి కండువా కప్పావా?"

నాన్న నవ్వాడు. "కండువా ఏందయ్యా, అయి పిట్టలు. కళ్లజోడు పెట్టుకుని చూడు."

"పిట్టలు కనపడతన్నయ్‌లే. ఏ గూటి పిట్టలని అడుగుతన్నా."

అరుగు మీదవాళ్లు గొల్లున నవ్వారు. నేనూ అప్పుడే చూశాను. రెక్క పక్కన అంచు, మొదటి రంగు పక్కన రెండో రంగు. రోడ్డు మీద పోతున్న ఆటో జెండాలో ఏ వరసలో ఉన్నాయో ఇక్కడా అదే వరస. అన్ని రోజులు చేతుల్లో తిప్పిన ముక్కలు అవి.

అది అక్కడితో పోయేదేమో. మర్నాడు పై బజారు నాయకుడి తమ్ముడు వచ్చాడు. గోడ ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు.

"భలే పెట్టావురా అబ్బాయ్. ఎవురూ అడక్కుండానే చేశావు చూడు, అదీ అభిమానమంటే."

"అభిమానం కాదు అన్నా, షాపులో మిగిలిన ముక్కలు," అన్నాను.

నాన్న కూడా అన్నాడు: "నిజమే అబ్బాయ్. రంగు చూసి చేసింది గాదు."

"నువ్వట్టా అనాల్సిందేలే బాబాయ్. మాకు తెలవదా?" అని కన్ను కొట్టి వెళ్లాడు. సాయంత్రానికి ఆ ఫొటో వాళ్ల గ్రూపులన్నింట్లో తిరిగింది.

ఆ వారం నుంచి కింద బజారు రావడం మానేసింది. గొడవ పడలేదు, మాట అనలేదు. కారం డబ్బాలు బండ్ల మీద పెట్టుకుని, మా మర ముందు నుంచే పక్క ఊరి మరకు పోయేవాళ్లు. మామయ్య కూడా అలాగే పోయాడు. ఆయన బండి దాటేటప్పుడు నాన్న మిషను వైపు తిరిగి బెల్టు చూస్తున్నట్టు వంగాడు. బెల్టుకు ఏమీ కాలేదు.

ఇక మిగిలింది లెక్క తేల్చడం అనుకున్నాను. నాకు చదువు నేర్పింది అదే: ఉన్న దారులన్నీ వరసగా పెట్టి, ఒక్కొక్కటే కొట్టేయడం. మొదటి దారి పగలగొట్టడం. సుత్తి, ఉలి తీసుకుని అంచు దగ్గర ఒక్క ముక్క లేపానో లేదో, అరుగు మీద ఎవరో చూశారు. మధ్యాహ్నానికి పై బజారు తమ్ముడు మనుషులతో వచ్చాడు.

"ఎవురన్నా బెదిరిచ్చారా బాబాయ్? పేరు చెప్పు. ఆ గోడ మీద చెయ్యేస్తే మా మీద ఏసినట్టే."

"ఎవురూ లేదబ్బాయ్. ముక్క ఊడితే మావాడు అతుకుతన్నాడు," అన్నాడు నాన్న. లేపిన ముక్కను వాళ్ల కళ్ల ముందే నేను మళ్లీ అతికాను.

రంగు వేద్దామంటే టైలు నునుపు మీద పెయింటు నిలవదు, పైగా అదీ చెరపడమే. రెండో పక్క కింద బజారు రంగులతో ఇంకో బొమ్మ పెడదామంటే అమ్మ చేతిలో సూది ఆపి, "ఇప్పుడు ఒకళ్లు రావడంలా. అది పెట్టు, ఇద్దరూ కర్రలేసుకుని వస్తారు," అంది. ఆ మాట అన్న మనిషే, కుడుతున్న తోరణంలో పూసలు రెండు రంగులు పక్కపక్కన పడ్డాయని గమనించి మొత్తం విప్పేసి మళ్లీ గుచ్చింది. చివరికి నేను పట్టా కప్పుదామన్నాను, ఎన్నికలైపోయేదాకా.

"విగ్రహాలకి గుడ్డలు చుడతారే, అట్టానా?" అన్నాడు నాన్న. "కప్పితే అది జెండానే అని మనమే ఒప్పుకున్నట్టు."

నా దగ్గర ఇంకో దారి లేదు.

కారం మిషనుకూ అరుగుకూ మధ్య గోనెపట్టా ఒకటి తెరలా వేలాడేది, కూర్చున్నవాళ్లకు ఘాటు తగలకుండా. ఒక పొద్దున చూస్తే అది లేదు. గాలి ఆడటంలా అని తీసేశానన్నాడు నాన్న. తుడిచే గుడ్డలు మేకుకు ఆరిపోయి అట్టల్లా ఉన్నాయి. గోడ మీద అప్పటికే సన్నటి ఎర్రపొర. మరిచిపోయాడేమోనని నేను గుడ్డ తడిపి తెచ్చాను.

"వదిలెయ్," అన్నాడు.

"ఒక్క నిమిషం పని నాన్నా."

"తెలుసురా. కారం మరన్నాక గోడకి కారం పట్టుద్ది. దానికి ఎవుడూ ఏమీ అనలేడు."

ఆయన నా వైపు చూడలేదు. మిషనులో మిరపకాయలు పోస్తూ ఉన్నాడు.

మిరపకారంలో నూనె ఉంటుంది. గాలికి రాలిపోదు, అంటుకుంటుంది. దాని మీద పిండి పడితే పేరుకుని గట్టిపడుతుంది. టైలు మీద ఎన్నాళ్లున్నా తడిగుడ్డకు పోతుంది కానీ, సందుల్లో నింపిన సిమెంటు దాన్ని పీల్చేసుకుంటుంది. సందులకు పైపూత వెయ్యాల్సింది, సీజను తర్వాత వేద్దామని నేనే ఆగాను. ఇక అది కడిగినా పోదు. రోజూ ఆ గోడ ముందు నుంచే గదిలోకి పోయేవాణ్ణి. ముందు అంచు మాసింది. తర్వాత రెక్కలు. నల్లరాయి కళ్లు అన్నిటికన్నా ఆఖర్న పోయాయి.

పై బజారు తమ్ముడు ఒకసారి వచ్చి దగ్గుతూ అడిగాడు. "గోడ తుడిపిచ్చరాదూ బాబాయ్?"

"తుడుస్తా అబ్బాయ్. ఈ సీజను కానీ."

ఓట్లు పడ్డాయి, లెక్కపెట్టారు. ఊళ్లో రెండు ఇళ్ల మీద రాళ్లు పడ్డాయి, కొన్నాళ్లు పోలీసులు కూర్చుని లేచి వెళ్లారు. మా మర మీద ఒక్క రాయి కూడా పడలేదు. కింద బజారు వాళ్లు కొందరు పిండి కోసం రావడం మొదలుపెట్టారు. కొందరు ఇప్పటికీ పక్క ఊరికే పోతున్నారు.

నాకు ఈమధ్య రెండు చోట్ల నుంచి పని వచ్చింది. రెండూ నలుపు, తెలుపు, బూడిదరంగు రాళ్లతోనే చేస్తున్నాను. గదిలో డబ్బాల వరస మారింది. ఆ రెండు రంగులవి చెరో మూలన మూతలు పెట్టి ఉన్నాయి. ఇప్పుడు నేను ముందు చూసేది రంగే.

వానలు పడ్డాక మామయ్య జొన్నల సంచీతో వచ్చాడు. ఏమీ జరగనట్టు పాత చోటే కూర్చుని, చేరబడబోయి వెనక్కి చూసుకున్నాడు, చొక్కాకు కారం అంటుతుందని. భుజం మీది తుండు తీసి గోడ మీద ఒకచోట రుద్దాడు. నల్లటి కన్ను, ముక్కు, కాస్త మెడ బయటపడ్డాయి.

"ఇది పిట్టే గదంట్రా అల్లుడూ."

"పిట్టే మామయ్యా."

"మరి మీ నాయన అప్పుడే చెప్పొచ్చుగా."

లోపల్నుంచి నాన్న అన్నాడు: "చెప్పాను బావా. నువ్వు కళ్లజోడు పెట్టుకోలా."

మామయ్య నవ్వి, తుండు ఇంకో మడత వేసి మొదటి రంగున్న రెక్క వైపు జరిపాడు. నేను మేకు మీది గుడ్డ తీసుకున్నాను. అప్పుడు నాన్న బయటికి వచ్చాడు.

"తుడవమాక బావా."

"ఏం?"

"తుడవమాకులే. నీ జొన్నలు అందుకో ముందు."

సంచీ లాక్కుని లోపలికి వెళ్లి మిషను వేశాడు. గోడ అదరడం మొదలైంది. తుడిచిన ఆ కాస్త చోట పిట్ట కన్ను మెరుస్తోంది, దాని మీద తెల్లగా జొన్నపిండి వాలుతోంది. మామయ్య చేతిలో తుండు, నా చేతిలో గుడ్డ. ఇద్దరం అలాగే నిలబడ్డాం.