పెద్దబాపు వేసిన పది మార్కులు

డిగ్రీ అయిపోయిన కొత్తల లోకంల ఉన్న ప్రతిదాన్ని కొలవొచ్చని నమ్మేటిదాన్ని నేను. ఆ దినాలల్ల నా బుద్ధి గట్లుండె. పాలను లీటర్లల్ల కొలుస్తరు, పొలాన్ని గుంటలల్ల కొలుస్తరు, గట్లనే దేశంల ఎంత స్వేచ్ఛ ఉన్నదో గూడ కొలుస్తరని సర్వే ఆఫీసుల మా సార్ చెప్తే నోరు తెరుచుకొని ఇన్న. ప్రజాస్వామ్యం ఎంత, పౌరహక్కులు ఎంత, సొంత ఆస్తి మీద మనిషికి పెత్తనం ఎంత, ఇవన్ని ఊరూరు తిరిగి అడిగి, సున్న నుంచి పది దాక మార్కులు వేయించుకొని రావాలె. అది నా మొదటి నౌకరి. మెడల గుర్తింపు కార్డు, సంకల ప్లాస్టిక్ ఫైలు, నెత్తి మీద చున్నీ. ఇబ్రహీంపట్నం బస్టాండ్ల మంచాల మండలం పోయే బస్సు కోసం నిలవడితే, దేశానికి జరమెంతున్నదో చూడవోయే డాక్టరమ్మ లెక్క ఉండేది నా పోజు. (నవ్వుకోండ్రి, ఏం ఫికర్ లేదు. నేను గూడ నవ్వుకుంట.)

మా సార్ బడంగ్‌పేటల ఉంటుండె. వాళ్లది కోస్తా, ఎన్నడో వచ్చి ఈడనే ఇల్లు కట్టుకున్నరు. మాటకొకసారి 'శాంపుల్' అంటడని మేం చాటుకు శాంపుల్ సార్ అనేది. "చూడండమ్మా, ఓటర్ల లిస్టు మీద తీసిన లాటరీలో ఎవరి పేరు వస్తే ఆ మనిషినే అడగాలి. ఆయన లేడని పక్కింటాయన్ని అడిగితే శాంపుల్ చెడిపోతుంది. ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ఆయన చెప్పిన అంకె తప్ప మనం సొంతంగా ఒక్క ముక్క రాయకూడదు" అని రోజు పొద్దుగాల ఫోన్ల అప్పజెప్పేటోడు. మర్యాదస్తుడే, కోపమన్నది ఎరుగడు. గని ఆయన మర్యాదకంటె మా నాయిన తిట్లే నయమనిపిచ్చేది నాకు.

మంచాల దాటినంక ఒక ఊరు నా వంతుకు పడ్డది. (పేరు చెప్ప. గా తొవ్వల నేనింకా బస్సెక్కాలె.) ఆ ఊరోళ్లకు మార్కులంటే బడి పిల్లలకు వేసేటియే ఎరుక. "ఇష్టమొచ్చింది మాట్లాడే స్వేచ్ఛకు పదికి ఎన్నేస్తరు?" అని అడిగితే, దేశాన్ని ఇడిసిపెట్టి నా మొఖం దిక్కు చూస్తుండ్రి. "పాపం, పొల్ల ఎండకు మాడిపోయింది. తొమ్మిది ఏసుకో బిడ్డా" అన్నది ఒక అక్క. ఇంకో అవ్వ ఎనిమిది కాడ ఆపింది. ఎందుకవ్వా రెండు కోసినవ్ అంటే, "బువ్వ తినుమంటె తినకపోతివి" అన్నది. మార్కులు నాకు గాదు, దేశానికి అని నెత్తి నోరు కొట్టుకున్న. ఎవ్వలిన్నరు! నా బక్క మొఖం పుణ్యాన దేశంల స్వేచ్ఛ మూడు పూలు ఆరు కాయలైతున్నది.

ఆఖరి రోజు లాటరీల ఒక ముసలాయన పేరొచ్చింది. ఊరంత ఆయనను పెద్దబాపు అంటది, నేను గూడ గట్లనే అన్న. పోతే ఇంటికి తాళం. పక్కింటామె గొంతు తగ్గిచ్చి సంగతి చెప్పింది. కంపెనీకి భూములు తీసుకునే ముచ్చట మీద ఆ పూటనే మండలంల ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నది. పెద్దబాపుకు ఉన్నదంత నాలుగెకరాలు, ఆ నాలుగూ అందుల పోతున్నయ్. "నేనియ్య" అని అందరి ముంగట మైకుల చెప్పి రాయించుకుంటనని ఆయన ఎన్నడిసందో అంటున్నడు. ఆ మీటింగుల చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకనే పొద్దుగాల్నే పోలీసోళ్లొచ్చి ఆయనను, ఇంకా అడ్డం చెప్తరనుకున్నోళ్లను ముందస్తు అరెస్టు అని బండెక్కిచ్చుకపోయిండ్రు. అభిప్రాయమున్నోళ్లను దాచిపెట్టి అభిప్రాయం ఏరుకునుడన్నట్టు. శాంపుల్ సార్‌కు ఫోన్ చేసిన. "అరెస్టయితే ఏమైందమ్మా, మనిషి ఉన్నాడుగా? వెళ్లి అడగండి" అన్నడు.

ఠాణాల జాగ సరిపోలేదని వాళ్లను ఒక ఫంక్షన్ హాల్ల కూసోబెట్టిండ్రు. (ఏ ఠాణా, ఏ హాల్ అని అడగకుండ్రి.) ముందు రోజు ఎవరిదో పెండ్లయినట్టుంది, స్టేజీ మీద రెండు బంగారు రంగు కుర్చీలు, కింద వాడిన బంతిపూలు. రైతులంత ప్లాస్టిక్ కుర్చీలల్ల వరుసగ కూసొని ఉప్మా తింటుండ్రు. మీసాల హెడ్డు కానిస్టేబుల్ నన్ను ఆపి "పేపరోళ్లా?" అని అడిగిండు. కాదు, సర్వే అన్న. "దేని మీద?" "స్వేచ్ఛ మీద." హెడ్డు ఆ మీసాలు ఊగంగ నవ్విండు. "మస్తు జాగకొచ్చినవమ్మా" అన్నడు. ఒంటరిగ అడగాలె, రూలున్నది అంటె, మనిషి మంచోడే, పెండ్లిపిల్లను తయారు చేసే గది తాళం తీసిచ్చిండు. వాకిట్ల ఒక కానిస్టేబులును మాత్రం నిలవెట్టిండు.

అద్దం నిండ ఎవరో అతికిచ్చిన బొట్టుబిళ్లలు. ఆ అద్దం ముంగట పెద్దబాపు, ఆయన ముంగట నేను. తెల్ల అంగి ఇస్త్రీ చేసి ఏసుకున్నడు, మీటింగుకు పోదామని.

"నలుగురితోని గుమిగూడే స్వేచ్ఛ ఉన్నదా, పెద్దబాపూ?"

"ఎందుకు లేదు? బయట జూడు, ఊరు ఊరంత గుమిగూడే ఉన్నది. చాయ గూడ పోస్తున్నరు."

"ఎన్నికలు మంచిగ జరుగుతయా?"

"ఓటుకు బండి పెట్టి తోలుకపోతరు. ఇయ్యాల గూడ బండి పెట్టే తోలుకొచ్చిండ్రు."

"మీ ఆస్తిని మీ ఇష్టప్రకారం అమ్ముకునే స్వేచ్ఛ?"

"అమ్ముకునే స్వేచ్ఛ మస్తున్నది బిడ్డా. అమ్మకుంట ఉండే స్వేచ్ఛనే లేదు."

నేను నవ్విన. ఆయన నవ్వలేదు. ముంగటికి వంగి, నా ఫైలు మీద ఏలు పెట్టి, "గిదంత తర్వాత. ముందు ఇది రాసుకో. నా నాలుగెకరాలు నేనియ్య. రాసి గా మీటింగు కాడ ఇయ్యి. నీకు కార్డున్నది, నిన్ను లోపలికి రానిస్తరు" అన్నడు. మళ్ల శాంపుల్ సార్‌కు ఫోన్ కొట్టిన. "అటువంటి కాలమ్ మన దగ్గర లేదమ్మా. అంకె అడగండి, చాలు" అన్నడు. బయటికురికి హెడ్డును బతిమిలాడిన. "ఒక్క మాట చెప్పిచ్చి మళ్ల తోలుకొద్దం సార్, కానిస్టేబులును ఎంబడి పెట్టుండ్రి" అన్న. "మీటింగు సల్లగ జరగాలె గదమ్మా" అని ఆయన ఉప్మా ప్లేటు నా చేతుల పెట్టిండు. మీటింగు కాడికి నేనే పోత అన్న. చెప్పులేసుకుంటుంటెనే ఆయన ఫోన్ మోగింది. ఇని, జేబుల పెట్టుకొని, అందరికీ ఇనపడేటట్టు చెప్పిండు: "అయిపోయింది. ఎవ్వలు అడ్డం చెప్పలేదట. ఇగ మీరు ఇండ్లకు పోవచ్చు."

ఎవ్వలు కుర్చీలల్లకెల్లి లేవలేదు. పెద్దబాపు గదిలనే ఉన్నడు, ఆ మాట ఆయనకు గూడ ఇనపడ్డది. నేను పోయి ఎదురుంగ కూసున్న, ఏడుపు ఆగుత లేదు. ఆయనే అన్నడు, "నీ పని ఆగం జేసుకోకు. ఇంకేమున్నది అడుగుటానికి?"

ఒకటే ఉన్నది. "అభిప్రాయం చెప్పుకునే స్వేచ్ఛకు పదికి ఎన్ని?"

ఆయన గూడ నా మొఖం దిక్కే చూసిండు. "తక్కువేస్తె నిన్నేమన్న అంటరా?"

"అనరు పెద్దబాపూ. సున్న వేయి. మార్కులు నాకు గాదు, దేశానికి."

"దేశం నా దగ్గరికి ఎన్నడొచ్చింది బిడ్డా? నువ్వొచ్చినవ్. గింత ఎండల, ఈడిదాక, నా మాటేందో అడుగుటానికి నువ్వొక్కదానివే వచ్చినవ్. పది వేసుకో."

చెప్పిన అంకెనే రాయాలెనని రూలు. పది రాసిన. సాయంత్రం శాంపుల్ సార్ ఫైలంత తిప్పి చూసి, "చాలా బాగా చేశారమ్మా, ఒక్క ప్రశ్న కూడా ఖాళీ లేదు" అని మెచ్చుకున్నడు. ఆ నౌకరి నేను ఎక్కువ దినాలు చేయలే. ఇప్పుడు ఇబ్రహీంపట్నంల పిల్లలకు ట్యూషన్లు చెప్తున్న. స్వేచ్ఛల మన దేశం ఎన్నో నంబరని ఎప్పుడన్న టీవీల వస్తది. ఒకడు ఎక్కువిచ్చిండ్రంటడు, ఒకడు తక్కువిచ్చిండ్రంటడు, గొంతులు చినిగేదాక అరుస్తరు. గా లెక్కలెట్ల కడతరో నాకు తెల్వదు గని, ఏడనో ఒక మూలకు పెద్దబాపు వేసిన పది ఉంటదని టీవీ బందు చేస్త. ఆ నాలుగెకరాల చుట్టు ఇప్పుడు గోడ ఉన్నది. మంచాల బస్సు ఆ గోడ పక్కపొంటే పోతది.

మొన్న దవాఖానల కండ్లు చూపిచ్చుకునే లైన్ల కనపడ్డడు. మనిషి సగమైండు. నన్ను గుర్తువట్టి, "మార్కుల బిడ్డవు గాదు?" అన్నడు. అవ్ అన్న. పక్కన కూసోబెట్టుకొని, "మరి నేనిచ్చిన మార్కులు పనికొచ్చినయా?" అని అడిగిండు.

"వచ్చినయ్ పెద్దబాపూ" అన్న.

"మంచిగైంది బిడ్డా. నా మాట ఒక్కటన్న ఎవలకో పనికొచ్చింది" అన్నడు.

పదికి పది వచ్చినోళ్లు నవ్వాలె గద. నవ్విన.