దేవదానం గారి మీటలు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మైపాడు రోడ్డులో నా స్కూటరుకు కుక్క అడ్డం వస్తే, నేను ఇల్లు చేరేసరికి అది దున్నపోతు అయి ఉంటుంది. మా ఆవిడ నా మాటల్లో మూడొంతులు కొట్టేసి మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఒక్క దయ్యాల విషయంలోనే నేనెప్పుడూ ఏమీ పెంచలేదు. సున్నాను ఎంత పెంచినా సున్నాయే కదా. నాకు తెలిసిందల్లా తుప్పు. దానంతట అది మోగే కాలింగ్ బెల్లు, దానంతట అది వెలిగే ట్యూబులైటు, అన్నీ ఉప్పుగాలి పనులే. మా తీరంలో దయ్యాలకు వేరే పని మిగల్లేదు.

నెల్లూరులో నాది టైపు మిషన్ల రిపేరు దుకాణం. మిషన్లు పోయాయి కాబట్టి ఇప్పుడు కీబోర్డులు బాగుచేస్తాను. తెలుగు టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాను. నా అంత వేగంగా కొట్టినవాడు జిల్లాలో లేడు. రాష్ట్రంలో అని రాయబోయి తగ్గించుకున్నాను.

మొన్న ఎండాకాలంలో మైపాడు నుంచి సంతోషమ్మక్క కబురు చేసింది. రిటైరైన టీచరమ్మ. వాళ్ళన్న దేవదానం గారు తాలూకా ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేసి, పోయి చాలా ఏళ్ళయింది. ఎప్పుడో తుఫాను సాయానికి వచ్చిన ఒక విదేశీ డాక్టరు, తిరిగి వెళ్తూ ఆయనకు ఒక పెట్టె ఇచ్చిపోయాడు. సూట్‌కేసులా మోసుకెళ్ళే పాతకాలం కంప్యూటరు. మూత ఊడదీస్తే ఆ మూతే కీబోర్డు. లోపల అరచేయంత తెర. ఇలాంటివి ఇప్పుడు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బరువు ఏడాది దూడంత.

పాత కంప్యూటర్లు సేకరించి ప్రదర్శనకు పెట్టే శేఖర్ గారని ఒకాయన చెన్నై నుంచి దాన్ని అడిగాడు. అక్క ఊరికే ఇస్తానంది. ఒకటే కోరింది. పెట్టె పక్కన పెట్టే కార్డు మీద, దీన్ని వాడిన మనిషిగా వాళ్ళన్న పేరు ఉండాలి. శేఖర్ గారు ఒప్పుకోలేదు. తెలుగు రాని యంత్రాన్ని తెలుగు టైపిస్టు ఏం వాడి ఉంటాడు, డాక్టరు పేరే రాస్తానన్నాడు.

ఊళ్ళోవాళ్ళదీ ఎప్పుడూ అదే మాటట. దేవదానం గారిని పెట్టె దొర అని పిలిచి నవ్వేవారట.

"మా అన్న దినామూ కొట్టేవాడు అబ్బయ్యా," అంది అక్క. "తెర మీద ఇంగ్లీషు ముక్కలు అడ్డదిడ్డంగా పడేవి. ఆయన మటుకు తెలుగు చదివినట్టే నాకు చదివి వినిపించేవాడు. నవ్వినోళ్ళు నవ్వినారు. నువ్వు ఆ మీటలు చూసి నిజం చెప్పు."

నాకు వెంటనే అర్థమైంది. ఆయన వేళ్ళు తెలుగు మిషన్ మీద ముదిరిన వేళ్ళు. మీట మీద ఏ అక్షరం ఉన్నా ఆయన తెలుగు అక్షరం ఉండే చోటునే నొక్కేవాడు. తెర ఏం చూపించినా, ఆయన చదివింది తన వేళ్ళు కొట్టిన తెలుగే.

అక్క వరండాలో కూర్చుని మీటలన్నీ ఊడదీశాను. వరస తప్పకుండా కోడిగుడ్ల అట్టల్లో పేర్చాను. మొత్తం ఎనభై చిల్లర. దుకాణంలో చెప్పేటప్పుడు నూట యాభై అంటాను. ఒక్కో మీట కింద ఒక బుల్లి స్ప్రింగు, ఒక రాగి రేకు. ఇంగ్లీషు కొట్టేవాళ్ళ కీబోర్డులో బ్రాకెట్లలాంటి గుర్తులుండే కుడి చివరి మీటలు కొత్తవాటిలాగే మిగిలిపోతాయి, వాటితో పెద్దగా పని ఉండదు. తెలుగులో అక్షరాలు ఎక్కువ కాబట్టి ఏ మీటకూ సెలవు దొరకదు. ఇక్కడ ఆ చివరి మీటలే అన్నిటికంటే ఎక్కువ అరిగి ఉన్నాయి. జిల్లాలో ఈ సంగతి పట్టుకోగలిగినవాడు ఎవరంటే, నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, నేనే.

మరుసటి రోజు పొద్దున, అక్క రమ్మంటే శేఖర్ గారు వచ్చాడు. భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు.

"తెలుగు టైపిస్టే, ఒప్పుకుంటాను," అన్నాడు. "ఈమె అన్నగారే అని ఎలా తెలుస్తుంది? డాక్టరు ఇంకెవరిచేతైనా కొట్టించుకుని ఉండొచ్చు."

అక్క ముఖం వాడిపోయింది. నేను మీటలన్నీ మళ్ళీ బిగించి, కీబోర్డును నా పరీక్ష పలకకు తగిలించాను. అది నేనే చేసుకున్నది. మీటకొక చిన్న బల్బు, నాలుగు బ్యాటరీలు. మీట నొక్కితే దాని బల్బు వెలుగుతుంది. ఒక్కోటీ నొక్కి చూశాను, అన్నీ పనిచేశాయి. పదకొండు గంటలవేళ, ముగ్గురం వరండా ఆ చివర టీ తాగుతున్నాం.

బల్బు ఒకటి వెలిగి ఆరింది. తర్వాత ఇంకొకటి. ఎడమవైపు, కుడివైపు, మళ్ళీ ఎడమవైపు, మధ్యలో కొంచెం ఆగి. రెండు చేతులతో కొట్టే మనిషి లయ. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. నిమిషంపాటు సాగింది.

నేను బల్బుల్ని మీటలుగా, మీటల్ని తెలుగు అక్షరాలుగా చదువుకుంటూ పోయాను.

"తూనీగా, తిన్నావా అని ఉందక్కా," అన్నాను.

అక్క గ్లాసు కింద పెట్టింది.

"ఆ పేరు నీకెవరు చెప్పినారు?"

"ఏ పేరు?"

"చిన్నప్పుడు పుల్లలాగుండేదాన్నని మా అన్న పెట్టిన పేరు. మా ఆయనక్కూడా తెలీదు."

శేఖర్ గారు జేబులోంచి పెన్ను తీసి, "అన్నగారి ఇంటిపేరు చెప్పండమ్మా," అన్నాడు.

అక్క ఇంటిపేరుతో ఆపలేదు. "తెలుగు టైపిస్టు అని రాయండి. మైపాడు అని కూడా రాయండి," అంది. తర్వాత తన చర్చివాళ్ళను వెంటబెట్టుకుని చెన్నై వెళ్ళి, ఆ కార్డు ముందు ఫోటో దిగొచ్చింది. పెట్టె దొర అన్నవాళ్ళ ఇళ్ళకు పనిగట్టుకుని వెళ్ళి చూపించింది.

బల్బులు వెలిగిన రోజే నేను అన్నీ విప్పి చూశాను. తీగలు గట్టిగా ఉన్నాయి, రేకులు పొడిగా ఉన్నాయి. తేమ పట్టి ఉంటే బల్బు వెలిగి అలాగే ఉండాలి, వరసగా వెలిగి ఆరదు. ఈసారి ఉప్పుగాలి మీద నేరం మోపలేకపోయాను.

ఇక నేను కల్పించింది. బల్బులు వెలగడం నిజం, ముగ్గురం చూశాం. వాటిని చదివానన్నది అబద్ధం. ఆ వేగానికి జిల్లా మొత్తంలో గొప్పవాడైన నాకూ ఒక్క అక్షరం అందలేదు. అక్క ముఖం చూడలేక ఏదో ఒకటి అనాలనుకున్నాను. ఆమె నిలబడితే గుమ్మం కనపడదు. ఆ ఒళ్ళు చూసి కొంటెతనంగా తూనీగా అన్నాను. ఇంకే పేరైనా అని ఉండొచ్చు. అదే ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడే నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. అప్పటికే అక్క కీబోర్డు దగ్గరికి వెళ్ళి, పైటకొంగుతో దాన్ని తుడుస్తూ, "తిన్నాన్లే అన్నా," అంటోంది.