హిందీలో విన్న కబురు

రాయపూర్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో ముద్దూ మురిపెం తెలుగులో, తగవులు మాత్రం హిందీలో. రైల్వేలో పనిచేసిన మా నాన్న పెట్టిన కట్టుబాటు అది. కోపమొస్తే హిందీలోకి దిగండి, ‘ఆప్’ అని మర్యాదగా మొదలుపెట్టాక చెయ్యి లేవదు అనేవారు. పెళ్ళయ్యాక మా ఆయనకీ అదే అలవాటు చేశాను. సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం, చిరాకులకి కొదవా? ఎంత రభసైనా హిందీలో పడితే పక్కింటివాళ్ళ గొడవలా అనిపించేది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

ఒక వేసవిలో ఆయన గొంతు బొంగురుపోయి ఎన్నాళ్ళకీ తగ్గలేదు. టాటీబంధ్ దాటి ఆసుపత్రికి వెళ్తే ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరు కేన్సర్ అని హిందీలో చెప్పాడు. నా కన్ను చెమర్చలేదు. ‘మరీజ్’కి ఆపరేషన్ ఎప్పుడు, తర్వాత మరీజ్ ఏం తినాలి, మాట ఉంటుందా అని వరసగా అడిగాను. మరీజ్ అంటే ఎవరో దారినపోయే రోగి అన్నట్టే అడిగాను. మాట పోవచ్చన్నాడు. సరేనని తలూపాను. మీకు చాలా ధైర్యమండీ అని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

మోవాలో మా ఇంటికి చేరేసరికి మా అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. శ్రీకాకుళం మనిషి, ఆవిడకి తెలుగు తప్ప మరోటి రాదు. మా ఆయన నా వెనకాల స్కూటర్ నిలబెడుతున్నారు. డాక్టరేమన్నాడని ఆవిడ అడిగారు. “మీ అబ్బాయి గొంతులో” అన్నానంతే. పొద్దుట్నించీ ఎవరి సంగతి మాట్లాడుతున్నానో అప్పుడు తెలిసింది. గడప మీదే కూలబడ్డాను. మిగతాది ఎలా చెప్పానో నాకు గుర్తులేదు.

ఆవిడ ఏడవలేదు. నా తల నిమురుతూ అడిగారు.

“మరి నా కొడుకేటన్నాడమ్మా?”

 ఆయనేమీ అనలేదు. నేను అడిగితేగా! పక్క కుర్చీలోనే కూర్చుని అన్నీ విన్న మనిషి మొహం ఒక్కసారైనా చూడలేదు. కూరగాయల దగ్గర బేరమాడినట్టు ఆయన గొంతు గురించి మాట్లాడి వచ్చాను.

లేచి బయటికి వెళ్ళాను. ఆయన ఇంకా స్కూటర్ మీదే ఉన్నారు, హెల్మెట్ కూడా తియ్యలేదు. నేనే తీశాను. ఎలా ఉందండీ అని తెలుగులో అడిగాను.

“భయమేస్తోందే,” అన్నారు.

ఇంకా మాట్లాడమన్నాను. ఏదో ఒకటి, ఆపొద్దన్నాను.