కమ్లి ఏడుపు, గోరి చదువు

చెంచురామయ్య గారితో గొడవపడి గెలిచిన మనిషిని నేను చూసింది ఒక్కదాన్నే. ఆమె పేరు కమ్లి. ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న లంబాడీ తండా ఆమెది.

చెంచురామయ్య గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మా దగ్గర పొగాకు పండించి, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఆర్ట్స్ కాలేజీ పెట్టిన ఆసామి. కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఆడపిల్లల హాస్టలు. అక్కడ వంట నాది. ఎనభైల మొదట్లో సంగతి ఇది. బి.ఏ.కి పిల్లలు చాలకపోతే కాలేజీ మూతపడుతుందని ఆయనకు భయం పట్టుకుంది. ఎండాకాలమంతా లెక్చరర్లను తండాల మీదికి తోలాడు. వాళ్లు ఇస్త్రీ చొక్కాలు నలగకుండా కమ్లి గుడిసెలో కూర్చుని, జొన్నరొట్టెలు తిని, స్కాలర్‌షిప్పు వస్తుంది, మీరు పైసా కట్టే పని లేదని చెప్పివచ్చారు. ఆ మాట పట్టుకుని కమ్లి కూతురు గోరిని, ఒక రేకుపెట్టెను వెంటబెట్టుకుని దిగింది. ఇక్కడేమో మాట మారింది.

"స్కాలర్‌షిప్పు ఎప్పటికో వస్తుందమ్మా. ముందు హాస్టలు డిపాజిట్టు కట్టాలి గదా" అన్నాడు చెంచురామయ్య గారు.

"మా ఇంట్ల రొట్టె తిన్నప్పుడు ఈ ముచ్చట యాదికి రాలేదా సారూ?"

"తిన్నది వాళ్లు, నేను కాదు. కట్టలేకపోతే పిల్లను తీసుకుపో."

"పిల్లను తీస్కపోను. నేనే పోత" అని కమ్లి గేటు దగ్గరికి నడిచింది.

లంబాడీల్లో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు కలిసినా, విడిపోయినా ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, రాగం తీసి, కష్టసుఖాలన్నీ అందులో చెప్పుకుని ఏడుస్తారు. కమ్లి గేటుకు అడ్డంగా నిలబడి, గోరిని కావలించుకుని, రాగం ఎత్తుకుంది. భుజాల దాకా ఉన్న గాజులు గలగలమన్నాయి. నేను పప్పులో గరిటె వదిలేసి ఎవరు పోయారో అని పరుగెత్తుకొచ్చాను. సీట్ల కోసం వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. "కాలేజీల ఎవరో సచ్చిపోయిన్రంట" అని ఎవరో అన్నారు. పిల్లలతో వచ్చిన ట్రాక్టరొకటి గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

అది చూసి చెంచురామయ్య గారు పంచె ఎగ్గట్టుకుని ఉరికొచ్చాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆపు! పిల్లను లోపలికి పంపు. డిపాజిట్టూ వద్దు, ఏమీ వద్దు."

తర్వాత వంటింటి గడప మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగాను. "నిజంగనే ఏడ్చినవా, ఏషమేసినవా?"

కమ్లి ముక్కు తుడుచుకుని నవ్వింది. "సగం బిడ్డ కోసం ముత్యాలక్కా. సగం సారు కోసం."

ఆ రోజు నుంచి నాకూ ఆమెకూ కుదిరింది. నేను ఏడ్చే మనిషిని కాను. మా ఆయన పోయినప్పుడు కూడా నా కంట చుక్క రాలలేదని ఊరంతా చెప్పుకున్నారు. చెప్పుకోనీ. కమ్లి అలా కాదు. మొగుడు రూప్‌సింగ్ జ్వరంతో పోయాక, ఎండాకాలం బీడీల తునికాకు కోసి, చలికాలం మిరపతోటల్లో కూలి చేసి బిడ్డను సాకింది. కూలి దొరకని రోజుల్లో కాలేజీకి వచ్చేది. వచ్చినప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి బిడ్డ మెడ పట్టుకుని ఏడ్చేది. హాస్టలు పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వేవాళ్లు.

రెండో ఏడు గోరి అననే అంది. "యాడీ, ఈడ ఏడ్వకే. నాకు సిగ్గయితుంది."

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. కమ్లి సరేనంది. ఆ తర్వాత వచ్చినా బిడ్డను ముట్టుకునేది కాదు. రొట్టెల మూట చేతికిచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, వెళ్లిపోయేది. నాకు ఒళ్లు మండింది.

"మీ అమ్మ ఏడ్వకపోతే నీకు ఈ హాస్టల్ల మెతుకు దొరుకునా?" అని గోరిని కడిగేశాను. ఆ పిల్ల కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచిపోయింది.

గోరితోపాటు చేరిన తండా పిల్లల్లో కొందరు మిరపకాయల కోతకు పోయి మళ్లీ రాలేదు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి. చెంచురామయ్య గారు కరపత్రంలో చేరినవాళ్ల లెక్క వేయించాడు గానీ మిగిలినవాళ్ల లెక్క వేయించలేదు. మిగిలింది గోరి ఒక్కతే. దాన్నీ తీసుకుపోయి పెళ్లి చేస్తానని బాబాయి లచ్చిరాం వచ్చి కూర్చుంటే, "పరీచ్చ రాసినంకనే" అని కమ్లి వెళ్లగొట్టింది. అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది. తెలిస్తే బిడ్డ చదువు వదిలేసి వస్తుందని, హాస్టలుకు రావడమే మానేసింది. నన్ను సంతలో కలిసి, "గోరికి చెప్పకు అక్కా" అని గడ్డం పట్టుకుంది. చెప్పలేదు.

గోరి బి.ఏ. పాసయింది. థర్డ్ క్లాసే. అయితేనేం, భద్రాచలం అవతల ఆడపిల్లల ఆశ్రమ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేరడానికి బయల్దేరేనాటికి కమ్లి దవాఖానాలో ఉంది. దగ్గి దగ్గి గొంతు పూర్తిగా పోయింది. నేను జావ తీసుకుపోతే, మంచం మీద కూర్చోమని సైగ చేసి, నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది.

"అక్కా, రేపు పొద్దున బిడ్డ బస్సెక్కుతది. నాకు గొంతు లేదు. నువ్వు దాని మెడ పట్టుకొని ఏడువు."

"నేనా? నాకు రాదే. నీ బిడ్డకు సిగ్గు గూడ."

"సిగ్గు లేదు. ఇయ్యాల పొద్దుగాల అదే అడిగింది, యాడీ, నువ్వు ఏడ్వకపోతే నేనెట్ల పోవాలె అని." కాసేపు ఊపిరి తీసుకుంది. "మీ మాటల్లనే ఏడువు. దాని పేరు చెప్పు, వాళ్ల నాయన పేరు చెప్పు, మా తండా పేరు చెప్పు. బస్టాండంత ఇనాలె. బీయే పాసయిందని గూడ అండ్ల కలుపు."