వైఫైకి రెండు పేర్లు

నాకు ఓపిక తక్కువ. ఫోనులో ఆ చిన్న చక్రం తిరుగుతూ కనిపిస్తే కుర్చీలో కూర్చోలేను. హోసూరు ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేసీ చేసీ తప్పు పట్టడం అలవాటైపోయిందని మా ఆవిడ అంటుంది. తళి రోడ్డులో ఉన్న మా ఊరికి ఫైబర్ నెట్ వచ్చినప్పటి నుంచీ ఇంట్లో నేను తప్పు పట్టని పూట లేదు.

మాది ఉమ్మడి ఇల్లు. నేను, మా ఆవిడ, కాలేజీ చదివే కూతురు మిట్ట వైపు గదుల్లో ఉంటాం. తమ్ముడు, మరదలు, వాళ్ళ చిన్నపాప పల్లం వైపు. వంటిల్లు ఒకటే. అమ్మ పోయాక కూడా ఆ ఒక్క పొయ్యి అలాగే నిలిచింది. చుట్టుపక్కల అన్నదమ్ములందరూ వేరుపడినా మేము పడలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎవరూ అడగకపోయినా చెప్పుకునేవాణ్ణి. అది చెదిరిపోతుందేమోనన్న భయం కూడా లోపల ఎక్కడో ఉండేది.

పొయ్యి చాలింది గానీ నెట్ చాలలేదు. కూతురి క్లాసులు, మరదలి సీరియళ్ళు, పాప చూసే బొమ్మలు, కొట్టం మీది కెమెరా, అన్నిటికీ మించి తమ్ముడి గ్రీన్‌హౌస్. లోపల గులాబీలు. వేళకు నీళ్ళూ ఎరువూ వదిలే పెట్టె ఒకటి అక్కడ ఉంది, అది వైఫై మీదే నడుస్తుంది. సాయంత్రం అందరూ ఒక్కసారి మొదలుపెడితే ఎవరికీ ఏదీ కదలదు. పైగా మా ఇంటి గోడలు రాతి బండలు. నడి తలుపు మూస్తే సిగ్నల్ అటు దాటదు. కేబుల్ అతను ఊరికే ఇచ్చిన రూటరు అది, ఊరికే వచ్చిన దానిలాగే పనిచేసేది.

కొత్తది కొందామని నేను కాలుగాలిన పిల్లిలా హోసూరు అంగళ్ళన్నీ తిరిగాను. ఒకడు యాంటెన్నాలు ఎక్కువుంటే మంచిదన్నాడు. ఇంకొకడు యాంటెన్నాలు చూసి మోసపోవద్దన్నాడు. రాత్రంతా వీడియోలు చూసి, పొద్దున కొన్నది సాయంత్రానికి మార్చి, చివరికి ఒకటి ఖాయం చేశాను. దూరం పోయే సిగ్నలూ, వేగం ఎక్కువుండే సిగ్నలూ రెండూ ఇచ్చేది. దానికి తోడుగా బయట చూరు కింద పెట్టే చిన్న పెట్టె ఒకటి. బండకు బొక్క వేయడానికి బర్గూరు నుంచి రాళ్ళ పని చేసే ఆయన్ని పిలిపించాను. దుమ్ము వంటింటి దాకా వచ్చింది. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడలేదు.

తరువాత సెట్టింగుల్లో పడ్డాను. ఎవరి ఫోనుకు ఎంత వేగం, ఏది ముందు, ఏది వెనక. గులాబీలకు నీళ్ళు ముందు, సీరియలు వెనక. ఎంత సర్దినా పల్లం వైపు తెగిపోతూనే ఉంది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. మిట్ట వైపుకు ఒక పేరు, పల్లం వైపుకూ గ్రీన్‌హౌస్‌కూ ఇంకో పేరు పెట్టాను. పైయిల్లు, కిందిల్లు. రెండింటికీ రెండు పాస్‌వర్డులు. ఎవరి వైపు బరువు వాళ్ళదే. ఆ సాయంత్రం అన్నీ ఒకేసారి నడిచాయి, చక్రం ఎక్కడా తిరగలేదు. నేను సంతోషంతో రెండు సార్లు కాఫీ తాగాను.

ఆ పేర్లు మా ఫోన్లలోనే కాదు, వీధిలో ఎవరి ఫోను తెరిచినా కనబడతాయన్న సంగతి నాకు తట్టలేదు.

మూడు నాళ్ళు తిరక్కముందే టీ అంగడి ఆయన గ్లాసు చేతికిస్తూ అడిగాడు. "ఏమప్పా, వేరుపడినారంట?"

"ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేముందప్పా. ఫోనులోనే వస్తా ఉంది. పైయిల్లు, కిందిల్లు అని."

అది నెట్ కోసం పెట్టిన పేరని ఎంత చెప్పినా ఆయన తల ఊపాడే గానీ నమ్మలేదు. కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం. ఆ ఆదివారం సామల్పట్టి నుంచి మేనమామ ఫోను చేశాడు.

"ఏమిరా, మీయమ్మ పోయి రెండేండ్లు కాలేదు, అప్పుడే పొయ్యి వేరు పెట్టినారా? పెద్దదిక్కని నేనొకడున్నాను కదా, నాకొక మాట చెప్పకూడదా?"

"వేరుపడలేదు మామా. అది వైఫై."

"ఏదైతే ఏమిరా, రెండయింది కదా," అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మరుసటి రోజు భూముల బ్రోకరు వచ్చాడు. రోడ్డు పక్క మడి ఎవరి భాగానికి వచ్చిందని అడిగాడు. ఎవరి భాగానికీ రాలేదు, అసలు భాగాలే లేవని గట్టిగా చెప్పి పంపాను. అతను బండి ఎక్కి నేరుగా తమ్ముడి గ్రీన్‌హౌస్ దగ్గరికి పోయాడు. వాకిట్లోంచి చూస్తున్నాను. తమ్ముడు బయటికి వచ్చాడు. ఇద్దరూ నిలబడి మాట్లాడారు. నాతో మాట్లాడిన దానికన్నా చాలా ఎక్కువ సేపు. ఏం మాట్లాడుతున్నారో నాకు వినబడలేదు.

లోపలికి వచ్చి మా ఆవిడ మీద అరిచాను. "ఊరంతా ఏమనుకొంటా ఉందో తెలుసా నీకు?"

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "మీరు పేరు పెట్టినారు, వాళ్ళు చదువుకొన్నారు. నా మీదెందుకు అరిచేది?"

"నువ్వైనా వాళ్ళకు చెప్పొచ్చు కదా."

"నేను చెప్పేదానికి ఏముంది," అని ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "మీ మరదలు ఏమీ అనలేదా మీతో?" అంది.

"ఏమనాల?"

"ఏమీలేదు," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న నాకు పట్టలేదు. పట్టించుకునే స్థిమితం ఎక్కడిది? ఆ సాయంత్రమే కిందిల్లు తీసేశాను. ఇక పైయిల్లు అని ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. అందరి ఫోన్లూ అడిగి తీసుకుని నేనే కలిపాను. మరదలు తన ఫోను ఇస్తూ ఏదో అనబోయి ఊరుకుంది. నేను టీ అంగడికి పోయి, "ఇప్పుడు చూడప్పా," అన్నాను. ఆయన చూసి, "కలిసిపోయినారా, మంచిదే," అన్నాడు. అప్పుడే కొట్టుకుని కలిసినట్టు. అయినా ఇంటికి తేలికగా నడిచి వచ్చాను.

గ్రీన్‌హౌస్ పెట్టెను మాత్రం మరిచిపోయాను. దానికి కిందిల్లు తప్ప ఇంకోటి తెలియదు. పొద్దున్న తమ్ముడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు, కాళ్ళకు మట్టితో.

"రోజాలకు నీళ్ళు పోలేదన్నా."

"అయ్యో, ఆ పెట్టె. ఉండు, ఇప్పుడే కలిపేస్తాను పైయిల్లుకు."

"పైయిల్లు వద్దులే. ఆ రెండోది మళ్ళీ పెట్టేయన్నా."

"ఊరంతా ఏమంటా ఉందో వినలేదా? ఆ బ్రోకరు కూడా నీ దగ్గరికి వచ్చినాడు కదా."

"భూమి అమ్మేది లేదని చెప్పి పంపించినాను. అది ఎప్పుడూ కలిసే ఉంటాది." వాడు కిందికి చూస్తూ ఉన్నాడు. "నేననేది పొయ్యి మాటేన్నా. పాప పుట్టినప్పటి నుంచీ అనుకొంటా ఉన్నాము, మా వంట మేము చేసుకొంటే బాగుంటాదని. నీకు యాడ చెప్పేది? నలుగురిలో అంత గొప్పగా చెప్పుకొంటా ఉంటివి. ఆ పేరు చూసి, అన్ననే దారి ఇచ్చినాడు అనుకొన్నాము. ఆ పొద్దు మీ మరదలు సంతోషంతో ఏడ్చింది."

నాకు కోపం రావాలి. నా కోపం నాకు బాగా తెలుసు, దాని కోసం ఎదురుచూశాను కూడా. అది రాలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ వింటోంది. ఆమెకు ముందే తెలుసు.

ఫోను తీసి సెట్టింగులు తెరిచాను. కిందిల్లు అని మళ్ళీ టైపు చేశాను. పాస్‌వర్డు అడిగింది. పాతదే వేద్దామనుకుని ఆగి, ఫోను తమ్ముడి చేతికిచ్చాను.

"నీకు కావాల్సింది నువ్వే పెట్టుకో," అన్నాను.

వాడు ఒక్కో అక్షరం కొడుతుంటే నేను తల అటు తిప్పుకున్నాను.