ఏడో గొట్టం

ఊరికి కుళాయి నీళ్లూ, కరెంటూ ఇచ్చే ఆ చిన్న కాంక్రీటు ఆనకట్ట కడుపులో ఒక సొరంగం ఉంది. గోడలోకి ఊరిన నీళ్లు అక్కడ పన్నెండు గొట్టాల్లోంచి బయటికి పోతాయి. రోజూ పొద్దున్నే ఒక్కో గొట్టం కింద లీటరు డబ్బా పట్టి, ఎన్ని అంకెలకు నిండిందో నోటితో లెక్కపెట్టి రాయడమే, ఊరంతా 'సొరంగం మామయ్య' అని పిలిచే పెద్దాయన ఉద్యోగం. ఇరవయ్యేడేళ్లుగా అదే పని. ఇంకో ఏడాది సర్వీసు మిగిలింది.

ఏడో గొట్టం మాత్రం పరమ గయ్యాళి. డబ్బా పట్టేలోగా చొక్కా మొత్తం తడిపేసేది. ఇంటికెళ్తే భార్య ఊరుకుంటుందా?

"మీది ఉద్యోగమా, ఈతా? రోజూ తడిసి తెచ్చుకునే ఆ దగ్గు ఎవరికి అంటిద్దామని?" అని దులిపేసేది.

రోజూ ఈ గోల పడలేక ఒకనాడు కర్రముక్కకు గుడ్డ చుట్టి గొట్టంలో దిగ్గొట్టాడు. నాలుగు రోజుల్లో తీసేద్దామనుకున్నాడు. పొడి చొక్కా సుఖం మరిగాక చేయి రాలేదు.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ లెక్కలు చూసి మురిసిపోయింది. "ఏడోది ఎండిపోయింది మామయ్యా! పోయినేటి మరమ్మతు ఫలించినట్టే. పెద్దాఫీసుకు మీ పేరు కూడా రాస్తాను."

మామయ్య నవ్వలేక నవ్వాడు. ఆ పొద్దునే ఎనిమిదో గొట్టం కింద డబ్బా ముప్పైకి బదులు పదకొండుకే నిండింది. దారి మూసిన నీరు ఊరుకోదు, లోపలే కూడి గోడను నెడుతుంది. ఇది తెలియనివాడైతే క్షమించవచ్చు, ఈయనకు తెలుసు. గోడ దిగువన మూడు వీధులున్నాయి. మూడో దాంట్లో ఆయన ఇల్లే ఉంది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. అయినా మధ్యాహ్నం లేచి ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, అది మరమ్మతు గొప్ప కాదు, నా తెలివితక్కువ. నేనే బిరడా కొట్టాను."

ఆమె మొహం పాలిపోయింది. టార్చి తీసుకుని సొరంగంలోకి నడిచింది. ఆయన పట్టకారుతో బిరడా లాగగానే నీళ్లు ఇద్దరినీ నిలువునా తడిపేశాయి. సాయంత్రానికి ఎనిమిదో గొట్టం కింద డబ్బా మళ్లీ ముప్పైకి వచ్చింది. అప్పటిదాకా ఇద్దరూ అక్కడినుంచి కదల్లేదు.

"రిపోర్టు రాయక తప్పదు మామయ్యా," అందామె.

"రాయండమ్మా."

"ఉద్యోగం ఉంటుందో లేదో పెద్దాఫీసు చెబుతుంది. చెప్పేదాకా రోజూ నేనూ వస్తాను. ఆ లెక్క నాకూ నేర్పండి."

నీళ్లోడుతూ ఇల్లు చేరిన మనిషిని చూసి భార్య నోరు తెరవబోయింది. ఆయన జరిగిందంతా చెప్పాడు, బిరడా ఎందుకు కొట్టాడో కూడా. ఆమె తడి చొక్కా తనే పిండి ఆరేసింది.

మర్నాడు పొద్దున ఆయన సంచిలో రెండు పొడి తువ్వాళ్లు పెట్టింది.

"ఒకటి ఆ అమ్మాయికి," అంది.