టైరు పక్కన నాలుగు అంకెలు

మా బండిలో నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. ఖమ్మంలో కూరగాయలకు పోవడానికి అంత బండి అక్కర్లేదు. కానీ మేము నెలకు రెండు ఆదివారాలు ములకలపల్లి దాటి, అడవి అంచున ఉన్న ఒక ఊరి రేకుల చర్చికి ప్రార్థనకు పోతాం. దారిలో ఒక వాగు ఉంది. వాగు దాటగానే ఎర్రమట్టి ఎత్తు. వానాకాలంలో మామూలు కార్లు అక్కడే చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతాయి. కిరాయి బండ్లవాళ్ళు వాగు దగ్గరే దింపి వెళ్ళిపోతారు. అందుకే రిటైరయ్యాక పాతదే అయినా ఈ బండి కొన్నాం.

ఆ ఊళ్ళు మాకు కొత్త కాదు. నేను నర్సుగా, మా ఆయన దవాఖానా జీపు డ్రైవరుగా ఆ దారుల్లోనే టీకాలు మోసుకుపోయాం. మా ప్రేమ జీపులో మొదలైందని ఆయన అందరితో చెబుతాడు. అది నిజం కాదు. మా పెళ్ళి మా మేనత్త కుదిర్చింది. జీపులో మొదలైనవి తగాదాలు. టీకాల పెట్టెలో మంచు ఇంకెన్ని గంటలు నిలుస్తుందో నేను లెక్కగట్టి చెప్పేదాన్ని. "నీ మంచు కోసం నా జీపును వాగుల ముంచాల్నా, సిస్టరమ్మా?" అని ఆయన. ఇప్పటికీ నన్ను సిస్టరమ్మా అనే పిలుస్తాడు.

బండి కొన్న రోజు మీటరు మీద ఎంత ఉందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. టైర్లు అప్పుడే వేయించామని అమ్మినాయన చెప్పాడు. చూడటానికి నల్లగా, కొత్తగానే ఉన్నాయి. అలాంటి టైర్లు యాభై వేల కిలోమీటర్లు నడుస్తాయని తెలిసిన మెకానిక్ అన్నాడు. అది మొదలు ప్రతి నెలా నడిచిన దూరం అందులోంచి తీసేస్తూ వచ్చాను. టైరు గాడిలో పిల్లల స్కేలు నిలబెట్టి లోతు కూడా కొలిచేదాన్ని.

పోయిన ఎండాకాలం ఆయన టైరు పక్కన చెయ్యి ఆనించి, "గీతలు పడ్డయే. మార్పిద్దామా?" అన్నాడు.

"ఇంకా పంతొమ్మిది వేలు ఉన్నయి. గాడి అయిదు మిల్లీమీటర్లు ఉంది. ఇప్పుడెందుకు?" అన్నాను.

"నీ లెక్క తప్పదు గదా," అని ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఆయన కంటికి పొర తీయించాం. మా అమ్మాయి మాకు రెండు వీధుల అవతల ఉంటుంది, బడిలో టీచరు. కంటికి కట్టు విప్పిన రోజు ఆమె నెమ్మదిగానే చెప్పింది. "నాన్నా, అడవి దారిల బండి ఒక్కసారి ఆగిందంటే అమ్మేద్దాం. నాకు భయమైతాంది." ఆయన సరే బిడ్డా అన్నాడు. ఆ సాయంత్రం ఎక్కడికీ పోయేది లేకపోయినా బండిలో కూర్చుని, అద్దాలు లోపలి నుంచి తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. నేను టీ అక్కడికే తీసుకుపోయాను.

బండి ఆగనే ఆగింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యి తిరిగి వస్తున్నాం. వాగుకు ఇవతల కొత్తగా కంకర పోశారు. మనిషి నడిచే వేగంతో వస్తున్నాడు ఆయన. ముందు ఎడమ టైరు పక్క చీలిపోయింది. చర్చికి వచ్చిన ఇద్దరు రైతులు సాయం పడితే స్టెప్నీ వేశాడు. నాలుగు కిలోమీటర్లు వచ్చామో లేదో వెనక టైరు కూడా అలాగే చీలింది. ఇక వేయడానికి టైరు లేదు. అమ్మాయికి ఫోన్ చేయక తప్పలేదు. బండిని లారీ మీద ఎక్కించి ఖమ్మం తెచ్చారు.

మర్నాడు పొద్దున్నే టైర్ల దుకాణం దగ్గర అమ్మాయి మాకంటే ముందే ఉంది. ఎవరూ అడగకముందే ఆయన, "తప్పు నాదే బిడ్డా. రాయి కనపడలే," అన్నాడు.

నేను ఆయన పక్కనే కూర్చుని వచ్చాను. పెద్ద రాళ్ళన్నీ చూసి, తప్పించి నడిపాడు. మరి టైర్లు ఎందుకు చీలాయో నాకూ తెలియదు.

"రెండే వెయ్యన్నా, ఎట్లాగు అమ్మే బండే," అని దుకాణదారుతో చెప్పి, బడికి సెలవు చెప్పడానికి అమ్మాయి ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి పోయింది.

"రెండు ఏస్తె కుదరదమ్మా," అన్నాడతను నాతో. "అరిగిన టైరు కొద్దిగ చిన్నగైతది, కొత్తది పెద్దగుంటది. ఈ బండికి నాలుగూ ఒక్క తీరు తిరగాలె. లేకుంటే నడుమ గేర్లు ఒరుసుకొని కరాబైతయి."

"మిగిలినవి బాగున్నయి కదా?" అని నా పుస్తకం తెరిచి చూపించాను.

అతను అంతా చదివాడు. "బ్యాంకోల్లు గూడ గిట్ల రాయరు. గాని గిది చూసినవా?" అని తడిగుడ్డతో టైరు పక్కన మట్టి తుడిచాడు. చిన్న గుడ్డులాంటి గీత లోపల నాలుగు అంకెలు. "ముందు రెండు వారం, ఎనక రెండు సంవత్సరం. తయారైన తేదీ. తొమ్మిదేండ్లు దాటింది. ఎన్నడో తయారైనయి తెచ్చి మీ బండికి ఏసిండ్రు. గాడి ఉంటె ఏంది, రబ్బరు ఎండిపోయింది. ఎవరు నడిపినా పగిలేదే."

తేదీ చూడకుండా నేను ఒక్క బిడ్డకు కూడా సూది వేయలేదు. గడువు దాటిన సీసాలు, నిండుగా ఉన్నా సరే, పక్కన పెట్టించాను. ఆ పని మీద డాక్టర్లతో కూడా పోట్లాడాను. అదే నేను స్కేలు పట్టుకుని ప్రతి నెలా ఆ టైర్ల ముందు వంగి, చేతికి ఆనే దూరంలో ఉన్న తేదీ చదవలేదు. ఆయన మార్చుదామంటే వద్దన్నాను.

ఆయన నా వైపు చూసి, ఊరుకో అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నేను రోడ్డు మీదికి వెళ్ళాను.

"బండి ఆగింది మీ నాన్న కండ్ల వల్ల కాదే. నా లెక్క వల్ల," అని జరిగింది చెప్పాను.

అమ్మాయి నమ్మలేదు. "నీ లెక్క తప్పుడేంది? నాన్నను కాపాడనీకి నువ్వు గూడ అబద్ధం నేర్చినవా?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, టైరు ముందు కూర్చోబెట్టి, అంకెల మీద వేలు పెట్టించి చదివించాను. నాలుగు టైర్లకూ తిప్పాను. ఆమె లేచి వాళ్ళ నాన్న వైపు తిరిగింది.

"మరి నువ్వెందుకు మీదేసుకున్నవ్ నాన్నా?"

"డ్రైవర్ సాబ్ తప్పు చేసిండని నన్ను అన్నోల్లు శానా మంది ఉన్నరు, నాకు అలవాటే. మీ అమ్మను ఎవలూ ఎన్నడు అనలే. తట్టుకోదనుకున్న."

టైర్ల మధ్య నిలబడి నేను కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. రబ్బరు వాసన ఘాటుగా ఉందని చెప్పాను.

నాలుగూ మార్చారు. కొత్తవాటి మీద అంకెలు నేనే చదివాను. మూడు నెలల కిందటివి. అమ్మాయి షరతులు పెట్టింది: పగటిపూటే నడపాలి, ఆరు నెలలకొకసారి కంటి డాక్టరుకు చూపించుకోవాలి.

"మూన్నెల్లకొకసారి పోత," అన్నాడు ఆయన.

"వచ్చే ప్రార్థనకు నేను గూడ వస్త. ఎట్ల నడుపుతవో చూస్త."

కొత్త టైర్లు మొదట కొంచెం జారతాయి, మెల్లగా పొమ్మని దుకాణదారు చెప్పాడు. ఆ మాటను మా ఆయన ఆజ్ఞలా తీసుకున్నాడు. ఇంటికి వస్తుంటే మార్కెట్ యార్డు రోడ్డులో మిర్చి బస్తాల ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. వెనక ఒకటే హారన్లు. అమ్మాయి ముందు సీట్లో కూర్చుని ఓపిక పట్టింది, పట్టింది, చివరికి అన్నది:

"నాన్నా, నడిచిపోయేటోల్లు నవ్వుతున్నరు. జర తొందరగ పోనియ్యరాదు!"